తలుపులమ్మకు వేసిన కుర్చీ

2023, శీతాకాలం. కశింకోట చుట్టుపక్కల చెరకు నరికి బెల్లం వండుతున్న రోజులు. పొద్దు వాలితే చాలు, ఆ తీపి పొగ అనకాపల్లి దాకా వచ్చేది.

టౌనులో ఒక మేడ కింది వాటాలో వాల్టర్ గారు, రూతమ్మ ఉండేవారు. కెనడా నుంచి మిషనరీ సేవకని వచ్చిన ముసలి దంపతులు. ఎక్కడికెళ్ళినా జంటగానే వెళ్ళాలని వాళ్ళ సంఘం నియమం. పొద్దున్నే ప్రార్థన, ఆపైన షేర్ ఆటోలో పల్లెలు, సాయంత్రం వరండాలో టీ. వచ్చేవాళ్ళ కోసం రూతమ్మ తన కుర్చీ పక్కనే ఇంకో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచేది.

ఆవిడకి తెలుగు నేర్పింది వంట చేసే అప్పలకొండమ్మ. ఎవరింటి నుంచి లేచినా "వెళ్ళొస్తాను" అనాలని, "మా ఇంటికి రండి" అని పిలవాలని చెప్పింది. రూతమ్మ ఆ రెండు మాటలూ ఎక్కడా మానలేదు. కూరగాయల బండివాణ్ణి కూడా ఇంటికి పిలిచేది.

"ఆడొత్తే బండితో సహా వత్తాడు, అమ్మగారూ," అని నవ్వేది అప్పలకొండమ్మ. చావింటి సంగతి మాత్రం చెప్పలేదు. ఆ అవసరం వస్తుందనుకోలేదు.

కశింకోటలో బెల్లం పొయ్యి దగ్గర పనిచేసే తలుపులమ్మ పోయిందని తెలిసి ముగ్గురూ వెళ్ళారు. ఆ ముసలామె, రూతమ్మ మంచి స్నేహితులు. సగం తెలుగు, సగం సైగలతో మోకాళ్ళ నొప్పుల గురించి ఎంతసేపైనా మాట్లాడుకునేవారు. శవం వాకిట్లో ఉంది. రూతమ్మ ఆ చల్లటి చెయ్యి పట్టుకుని కూచుంది. లేస్తూ, అలవాటు కొద్దీ అంది:

"వెళ్ళొస్తాను. మా ఇంటికి రండి. టీ తాగుదురుగాని."

ఏడుపులు ఆగిపోయాయి. ఎవరూ ఆవిడ మొహం వైపు చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అప్పలకొండమ్మ మెల్లగా చెప్పింది. "సావింటికాడ మళ్ళీ వత్తానని అనకూడదమ్మగారూ. ఎవుర్నీ రమ్మనకూడదు. సెప్పకుండా లేచి వచ్చీయాలి."

పోయినవాళ్ళు దేవుడి దగ్గరుంటారు, టీకి రారులే అని వాల్టర్ గారు నవ్వేశారు.

ఆ సాయంత్రం దీపాల వేళ కరెంటు పోయింది. వాల్టర్ గారు చెవి మిషను తీసేసి పడక్కుర్చీలో నిద్రపోతున్నారు. అప్పలకొండమ్మ వంటింట్లో కొవ్వొత్తి వెలిగిస్తూ ఉంటే గేటు తీసిన చప్పుడైంది. తరవాత, కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు. మాడిన బెల్లం వాసన... పొయ్యి పక్కనే నిలబడ్డంత దగ్గరగా.

"రండి," అంది రూతమ్మ వరండాలో.

అప్పలకొండమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలో ఎవరూ లేరు. కుర్చీ కాళ్ళు మాత్రం పక్కలకి వంగి ఉన్నాయి... బరువుకి.

రూతమ్మ టీ పోసి దాని ముందు పెట్టింది. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. ఆ గొంతులో భయం లేదు. ఏమీ లేదు.

"అమ్మగారూ... లోనికి వచ్చీయండి..."

రూతమ్మ తిరగలేదు. కుర్చీ వైపు చెవి ఒగ్గి వింటోంది. విని, తలూపింది.

"అలాగే. వస్తానండి. ఆయన నిద్రపోతున్నారు... నేనొక్కదాన్నే వస్తాను."

కుర్చీ కాళ్ళు తిన్నగా అయ్యాయి. గేటు మూసుకుంది. కరెంటొచ్చింది. గ్లాసులో టీ పోసింది పోసినట్టే ఉంది. కుర్చీ నిండా చీమలు... బెల్లం దిమ్మ పెట్టి తీసినట్టు.

తెల్లారి రూతమ్మ లేవలేదు. నిద్రలో గుండె ఆగిందన్నాడు డాక్టరు. అప్పలకొండమ్మకి ఏడుపు రాలేదు. ఉప్మా చేసి అయ్యగారి ముందు పెట్టింది. ఆయన తిన్నారు. కంచం కడిగింది.

రూతమ్మని అనకాపల్లిలోనే సమాధి చేశారు. జంట లేకుండా సేవలో ఉండకూడదని సంఘం వాల్టర్ గారిని వెనక్కి పిలిచింది. వెళ్ళేరోజు గుమ్మం దాటేటప్పుడు ఏమీ అనొద్దని అప్పలకొండమ్మ ముందే చెప్పింది. ఈసారి ఆయన నవ్వలేదు. మాట్లాడకుండా కారెక్కారు.

ఆమె వరండా ఊడవడానికి చీపురు తీసుకుంది. చీమలు రెండు కుర్చీలకీ పట్టి ఉన్నాయి.

వాల్టర్ గారు ఒక్కరే విమానం ఎక్కారు. రూతమ్మ ఇక్కడే ఉండిపోయింది.