దొరగారి పుస్తకంలో కెటూరా

తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. చెయ్యి నెమ్మది. ఈ కాస్త కథకే రెండు వారాలు పట్టింది.

మా అక్క కెటూరా లండన్‌లో లాంబెత్ బజారులో అక్రోట్లు అమ్మేది. పచ్చి తొక్కలు వలిచీ వలిచీ దాని వేళ్ళు నల్లబడిపోయేవి. పక్కనే జాబెజ్ గాడిద బండి మీద చేపలు అమ్మేవాడు.

"ఏం పిల్లా, ఇవాళైనా చేతులు కడిగావా?"

"నీ కంపు ముందు నా చేతులెంత! అటు జరుగు."

రోజూ ఇదే వరస. అయినా ఎండుచేపల్లో మంచిది అక్క కోసం పక్కన పెట్టేవాడు. అక్కేమో వాడి గాడిదకి క్యారెట్లు తెచ్చేది.

ఒకరోజు స్ట్రూడ్ దొరగారు గుమాస్తాతో వచ్చారు. పేదవాళ్ళ బతుకులు అడిగి తెలుసుకుని, చెప్పింది చెప్పినట్టు వారం వారం చిన్న పుస్తకంగా అచ్చువేసే పత్రికాయన.

"పెళ్ళి ఆలోచన ఉందా అమ్మాయ్?" అన్నారు.

జాబెజ్ గాడిదకి నీళ్ళు పట్టడానికి వెళ్ళాడు. బజారంతా చెవులు రిక్కించింది. అక్కకి సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గేస్తే దాని నోరు ఆగదు.

"ఎవర్ని, ఈ చేపలవాణ్ణా? వాడికన్నా వాడి గాడిద నయం. అదైనా తల దువ్వించుకుంటుంది!"

ఆదివారం పొద్దున మా సందులో దర్జీ ఆ పుస్తకం చదువుతుంటే అందరం చుట్టూ చేరాం. గాడిద మాట వచ్చేసరికి సందంతా పగలబడి నవ్వింది. అక్కడే ఉన్న జాబెజ్ మాత్రం లేచి వెళ్ళిపోయాడు.

"రోజూ మొహానే అంటాను కదా!" అంది అక్క, వెనకాలే పరిగెత్తి.

"నువ్వంటే ఆటే కెటూరా. అచ్చులో పడితే ఆట కాదు. అచ్చులో ఉన్నది నిజమే కదా."

సోమవారం పక్క చోటు ఖాళీ. జాబెజ్ వైట్‌చాపెల్ పేటకి మారిపోయాడట.

పదిరోజులకి బజారువాళ్ళ గోడు వినడానికి దొరగారు సభ పెట్టారు. అన్ని పేటలవాళ్ళూ వచ్చారు. పోలీసులు బండ్లు నెట్టేస్తున్నారని మగవాళ్ళు అరుస్తుంటే, మధ్యలో అక్క లేచింది.

"దొరగారూ, మీ పుస్తకంలో నేను అబద్ధమాడాను. దిద్దండి."

"ఏది అమ్మా?"

"గాడిద నయమన్నది."

హాలంతా ఘొల్లుమంది. ఆయన మాత్రం నవ్వకుండా గుమాస్తా వైపు చూశారు. "ఏమని రాయమంటావు?"

వెనక బెంచీలో జాబెజ్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. అక్క అటే చూస్తూ చెప్పింది.

"పక్క చోటు ఖాళీ అయిన దగ్గర్నుంచి రొట్టె ముక్క గొంతు దిగట్లేదని రాయండి. చేసుకుంటే అతన్నే చేసుకుంటానని రాయండి. కెటూరా పైక్ అని నా పేరు కూడా వేయండి. ఎవరు నవ్వుకుంటే నాకేం!"

గుమాస్తా కలం గీరుకున్న చప్పుడు మాకందరికీ వినిపించింది. జాబెజ్ లేచి టోపీ తీశాడు.

"దొరా, ఒక్క మాట. ఇది అచ్చయ్యేదాకా ఆగాలా, ఇప్పుడే ఒప్పుకోవచ్చా?"

ఆయన జవాబు చెప్పేలోగా అక్క బెంచీలు దాటేసింది.

ఇట్లు,
ఎస్తర్ డాబ్నీ, వయసు అరవై నాలుగు. ప్రస్తుతం డెట్‌ఫర్డ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను.