జొన్నపాతర కథకు ఊ కొట్టినవాడు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన తర్వాత రెండో ఎండాకాలం అది. ఆళ్లగడ్డ దగ్గర నేను పాఠాలు చెప్పే మా ఊరి బడి మిద్దె ఒక మూల కూలి నా తొడ ఎముక విరిగింది. సెలవులు గనక లోపల పిల్లలు లేరు, అదొక్కటే అదృష్టం. ఎద్దులబండిలో గడ్డి పరిచి నన్ను నంద్యాల ఆసుపత్రికి చేర్చారు. కాలికి బద్దలు కట్టి, ఇసుక మూట వేలాడదీసి, నొప్పికి మార్ఫియా సూది వేశారు.

ఆ సూది సంగతి చెప్పాలి. అది వేస్తే నొప్పి పోయేది కాదు. అక్కడే ఉండేది, కానీ పక్కింటివాళ్ళ నొప్పిలా ఉండేది. ముక్కు కొసన ఒకటే దురద. నోరు ఎండిపోయేది, కడుపు రాయిలా బిగిసిపోయేది. డాక్టరు సుందరరాజుగారు నా కంటిపాపలు చూసి, "ఆవగింజలంత అయినాయి అయ్యవారూ. ఈ మందు ఊపిరిని నెమ్మది చేస్తుంది. మత్తు మరీ ఎక్కువైతే చెప్పండి" అన్నారు. మత్తు ఎక్కువైనవాడు ఎట్లా చెబుతాడో మాత్రం చెప్పలేదు.

తోడుగా మా అక్క సుంకమ్మ వచ్చింది. నాపరాళ్ళు చల్లగా ఉంటాయని నా మంచం కిందనే కొంగు పరుచుకుని పడుకునేది.

"ఒరే శేషా, ఇంగోసారి గోక్కున్యావంటే చేతులు కట్టేస్తా" అనేది. "పిల్లోళ్ళను కొట్టిన చెయ్యి ఊరికే ఉంటాదా!"

ఆ మధ్యాహ్నం ఎండకు జడిసి వార్డు కిటికీలన్నిటికీ తడిపిన వట్టివేళ్ళ తడికలు దించారు. లోపల పట్టపగలే చీకటి. తడి వేళ్ళ వాసన, దాని కింద ఫినాయిలు వాసన. తక్కిన మంచాలన్నీ నిద్రలో ఉన్నాయి. నర్సు జీవమ్మ నాకు సూది వేసి పోయింది. అది పట్టేదాకా ఓర్చుకోలేక, "అక్కా, కథ చెప్తా, ఊ కొట్టు" అన్నాను.

"పగటిపూట కథ చెప్తే దారిన పొయ్యేటోళ్ళు దారి తప్పుతారు రా. ఎవడన్నా తప్పి ఈడికే వస్తే?"

"రానీ. మంచం కింద చోటుంది గదా, నీ పక్కన పండుకోబెట్టుకో."

"థూ, నీ నోట్లో మన్ను పడ!" అని నవ్వింది.

బడిలో తొందరపడే పిల్లలకు చెప్పే కథే ఎత్తుకున్నాను. ఒక రైతు లోతుగా పాతర తవ్వి, నిండా జొన్నలు పోసి, పైన మన్ను కప్పాడు. చీమలు కన్నం కనిపెట్టాయి. ఒక చీమ దిగింది, ఒక గింజ తెచ్చింది.

"ఊ."

ఇంకో చీమ దిగింది, ఇంకో గింజ తెచ్చింది.

"ఊ."

పాతర ఖాళీ అయ్యేదాకా కథ ఇంతే. పిల్లలు విసిగి నవ్వేస్తారు. అప్పుడు నేను ఓపిక గురించి రెండు మాటలు చెబుతాను.

సూది పట్టింది. నేనే పాతరలోకి దిగుతున్నట్టుంది. ముక్కిన జొన్నల వాసన వేసింది. మా వైపు, చాన్నాళ్ళు మూసి ఉన్న పాతరలోకి ముందు దీపం దించుతారు. దీపం ఆరిందా, మనిషి దిగడు. లోపల గాలి చచ్చి ఉంటుంది.

ఒక చీమ దిగింది...

"ఊ."

అప్పుడు గమనించాను. ఆ ఊ వినబడ్డాకే నాకు ఊపిరి వస్తోంది. ఊ కోసం ఆగుతోంది. ఆ ఊ... ఆలస్యమవుతోంది.

ఇంకో చీమ...

చాలాసేపటికి, "ఊ."

"బిరీన అనక్కా" అన్నాను.

వార్డు ఆ చివర తలుపు తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది. ఆ ఎండలో, చేతిలో నీళ్ళచెంబుతో... మా అక్క.

మంచం కింద, "ఊ."

అక్కా అని నోరు తెరిచాను, గాలి రాలేదు.

"పాతర ఖాళీ అయింది అయ్యోరూ" అని కింద నుంచి గుసగుస. "కథ అయిపోయింది. ఇంగ దిగు."

ఆ మాటలో ఎంత హాయి ఉందో! నొప్పి లేదు. ఊపిరి తీసే పని కూడా లేదు. దిగితే చాలు.

కానీ వెనక వరసలో గుసగుసలాడేవాళ్ళతో ఏళ్ళ తరబడి వేగినవాణ్ణి నేను. నా కథ ఎప్పుడు ముగియాలో చెప్పడానికి వీడెవడు? నాకు ఒళ్ళు మండింది.

"అబద్ధం" అన్నాను. పెదాలు కదిలాయో లేదో. "కథ నాది. పాతర నిండా జొన్నలుండాయి."

"అట్లయితే... నేను ఊ అనను."

"అనొద్దు పో. నీ ఊ ఎవడికి కావాల?"

ఊ రాలేదు. ఊపిరీ రాలేదు. చెవుల్లో హోరు. తడికల సందుల్లోని వెలుతురు చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి... ఒంట్లో నేను నమ్మదగింది ఒకటే మిగిలింది. పిడికిలి బిగించి విరిగిన తొడ మీద గుద్దాను.

నొప్పి భగ్గుమంది. పక్కింటివాళ్ళది కాదు, నాదే. అరిచాను. అరవాలంటే గాలి కావాలి కదా. వచ్చింది.

చెంబు రాళ్ళ మీద పడి దొర్లింది. "జీవమ్మా! నా తమ్ముడు నల్లబడినాడు, రా తల్లీ!"

జీవమ్మ పరుగున వచ్చి నా చెంపలు వాయించింది. "తీసుకో అయ్యవారూ, ఊపిరి తీసుకో!"

తీసుకున్నాను. ఎవడూ ఊ అనకుండానే తీసుకున్నాను.

"రెండు చీమలకు ఊ అన్యా" అంది అక్క. "నీ కండ్లు మూతలు పడితే, నిద్రపోయినావని నీళ్ళకు పోతి. ఆపైన ఎవరికి చెప్తాంటివిరా?"

సాయంత్రం సుందరరాజుగారు వస్తే జరిగినదంతా చెప్పాను. తడికలు ఎత్తేశారు, మంచం కింద నాపరాళ్ళు తప్ప ఏమీ లేదు. "ఈ మందు మీకు పడలేదు. లేనివి వినిపిస్తాయి కూడా. ఇకనుంచి సగమే వేస్తాం" అన్నారు.

"సగమూ వద్దు సారూ. నొప్పి నేను మోస్తా."

"రాత్రంతా అరుస్తారు."

"అరిస్తే ఊపిరాడతాండాదని తెలుస్తాది గదా."

ఆయన నవ్వి, గొట్టం చెవులకు తగిలించుకుని నా రొమ్ము మీద ఆనించారు. "గట్టిగా తీసుకోండి... వదలండి. ఇప్పుడు కాసేపు బిగబట్టండి."

బిగబట్టాను. ఆయన వింటున్నారు. నవ్వు తగ్గింది. గొట్టం కొంచెం కిందికి జరిపారు. మళ్ళీ విన్నారు.

"బిగబట్టమన్నాను కదా అయ్యవారూ" అన్నారు మెల్లగా. "ఊపిరి ఎందుకు తీసుకుంటున్నారు?"

నేను బిగబట్టే ఉన్నాను.