గీకేసిన చెయ్యి

క్రిస్మస్ దగ్గరపడితే మా స్టూడియోలో నడుము వాల్చే తీరిక ఎవరికీ ఉండదు. మాది చిన్న జర్మన్ రాజ్యం. రాజుగారి బిడ్డ బొమ్మ ఉన్న పోస్టుకార్డు ప్రతి ఇంటికీ కావాలి. ఫోటోలు తీసేది జైడెల్ గారు, ఫోటో దిగిన గాజు పలకల మీద సన్న కత్తితో తప్పులు గీకేది నేను. చిన్నపిల్లలు కుదురుగా కూర్చోరు కాబట్టి ఆయా తెర వెనక నుంచి పట్టుకుంటుంది. ఆ చెయ్యి బొమ్మలో కనబడకుండా చెయ్యడం నా పని. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు గీకానో! విసుగొచ్చేసింది.

ఈసారి బొమ్మ నాలుగేళ్ల యువరాజు ఎగోన్‌ది. కిందటి చలికాలంలో వాడి అక్క థెక్లా జ్వరంతో పోయింది. అప్పట్నుంచీ వాడికి ముద్ద దిగడం లేదు. పసివాడు ఇలాగే ఉంటే దక్కడని ఊరంతా గుసగుసలు. లోతుకుపోయిన బుగ్గల్ని పెన్సిల్‌తో నింపుతుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత భుజం మీదున్న చేతిని మణికట్టు దాకా గీకేశాను. ఆయా చెయ్యి ఇంత చిన్నదా అనిపించింది గానీ, అంతకుమించి ఆలోచించే ఓపిక లేదు.

చీకటి పడే వేళకి ఆయా వాల్‌బుర్గా వచ్చింది, రాణిగారికి మొదటి కార్డు తీసుకెళ్లడానికి. గదినిండా ఫోటోలు కడిగే మందునీళ్ల ఘాటు. గ్యాసు దీపం బుస్సుమంటోంది.

"ఏంటే రోసల్, కళ్లు అలా గుంటలు పడ్డాయి?"

"నీ చలవే అక్కా. పిల్లాణ్ణి అంత గట్టిగా పట్టుకోవాలా? గీకలేక చచ్చాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేనెక్కడ పట్టుకున్నానే? ఫోటో తీసిన రోజు నన్ను గదిలోకే రానివ్వలేదు. వాడొక్కడే కూర్చున్నాడు."

గీకకముందు తీసిన నకలు ఆమె ముందు పెట్టాను. తెర మడతలోంచి వచ్చిన చిన్న కుడిచెయ్యి. కొరికిన గోళ్లు. బొటనవేలి మీద కాలిన మచ్చ.

వాల్‌బుర్గా కుర్చీలో కూలబడింది.

"ఈ చేతికి జపమాల చుట్టింది నేనే... థెక్లా శవపెట్టె మూసేముందు."

ఆమె చూపు నేను గీకిన పలక మీదికి వెళ్లింది.

"ఎప్పుడు గీకావు?" గొణిగింది.

"ఇవాళ మధ్యాహ్నం... భోజనాల వేళ."

"అప్పుడే వాడు కెవ్వుమన్నాడు. అక్కని కోస్తున్నారని..."

ఇంతలో టెలిఫోను మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. కోట నుంచి, ఆమె కోసమే. చాలాసేపు విన్నది. ఆమె కళ్లు నిండాయి.

"తిన్నాడట రోసల్! మా ఎగోన్ అన్నం తిన్నాడట!"

"హమ్మయ్య! ఇంకేం కావాలక్కా!" నేనూ ఏడ్చేశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆమె ఇంకా వింటోంది. చెంపల మీద తడి ఆరకుండానే ముఖం పాలిపోయింది. ఫోను నెమ్మదిగా పెట్టేసింది.

"రెండు పళ్లేలు పెట్టించుకున్నాడట. గదిలో ఒక్కడే ఉన్నాడు... రెండూ ఖాళీ అయ్యాయట."

నేను ఆ నకలుని బల్ల మీద బోర్లించాను.

"రెండో పళ్లెంలో మాంసం ముక్కలుగా కోసి పెట్టమని మారాం చేశాడట."

"ఎందుకు?"

"అక్కకి ఇప్పుడు కుడిచెయ్యి లేదు, తను కోసుకోలేదు... అన్నాడట."