రిబ్కా చేతి మీది వెంట్రుకలు

భోజనం గంట కొట్టినా ఏడో తరగతిలో ఒక్కరూ కదలలేదు. తలుపుకి అడ్డంగా సాయిదుర్గ నిలబడి ఉంది మరి. క్లాస్ లీడర్ నిలబడితే దాటి వెళ్లే ధైర్యం ఎవరికుంది?

జ్ఞానమణి టీచర్ భూతద్దం పోయింది. పొద్దున సైన్స్ క్లాసులో అందరూ దాంతోనే చేతి మీది వెంట్రుకలు చూశారు. టీచర్ సోడా కొట్టు నుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చిన ఐసు ముక్క తాకించగానే చర్మం మీద చిన్న చిన్న బొడిపెలు వచ్చి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ప్రతి వెంట్రుక మొదట్లోనూ కంటికి కనిపించనంత చిన్న కండరం ఉంటుందనీ, చలేసినా భయమేసినా అది బిగుసుకుని వెంట్రుకని పైకి లాగుతుందనీ టీచర్ చెప్పారు. మనం లాగమంటే లాగదట, ఆగమంటే ఆగదట.

ఆ మాట సాయిదుర్గకి భలే నచ్చింది. నోరు అబద్ధం చెప్పొచ్చు, కండరం చెప్పదు కదా.

"అందరూ చేతులు చాపండి. తీసినవాళ్లకి భయమేస్తుంది. వెంట్రుకలు లేస్తాయి," అంది.

వరసగా చూసుకుంటూ వచ్చింది. ఉక్కపోతకి అందరి చేతులూ చెమటతో జిడ్డుగా ఉన్నాయి. చివరి బెంచీలో రిబ్కా దగ్గర ఆగిపోయింది. రిబ్కా ఎ.కొండూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల, గట్టిగా మాట్లాడదు. ఆమె చేతి నిండా బొడిపెలు. వెంట్రుకలన్నీ నిటారుగా లేచి ఉన్నాయి.

"నేను తియ్యలేదు," అంది రిబ్కా. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"చూశారా, ఎలా వణుకుతుందో," అంది సాయిదుర్గ.

ఇంకేముంది, బ్యాగు బోర్లించి వెతికారు. దొరకలేదు. దొరక్కపోతే ఎక్కడో దాచిందన్నారు. మధ్యాహ్నమంతా ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. బల్ల మీద తల వాల్చుకుంటే నాటకాలని నవ్వారు. పిల్లలు ఇంత కఠినంగా ఉంటారా అంటే, ఉంటారు. గుంపులో ఉన్నప్పుడు మరీను.

ఆ సాయంత్రం బస్టాండులో రిబ్కా పడిపోయింది. ఎవరో ఆస్పత్రిలో చేర్చారు. తెల్లారేసరికి విజయవాడ తీసుకెళ్లారు. మలేరియా మెదడుకి ఎక్కిందనీ, పిల్లకి స్పృహ లేదనీ తెలిసింది.

మర్నాడు జ్ఞానమణి టీచర్ అడిగితే పిల్లలు జరిగిందంతా చెప్పేశారు. 

"జ్వరం ఎక్కేటప్పుడు చలేస్తుంది. అప్పుడూ ఆ కండరాలు వెంట్రుకల్ని లేపుతాయి. నిన్న ఆ మాటా చెప్పాను," అన్నారు ఆవిడ. "ఇంతమందిలో ఒక్కరైనా జ్వరమా అని అడగలేదా?"

నిన్న టీచర్ ఆ మాట చెప్పినప్పుడు సాయిదుర్గ వినలేదు. అప్పుడు తను వరండాలో ఉంది. ఐసు కరిగిన నీళ్లు పారబోసి తువ్వాలు ఆరెయ్యమని టీచర్ పంపారు. నీళ్లు పారబోసింది గానీ, ఆరెయ్యడానికి బద్ధకించి తువ్వాలు విప్పకుండానే ఉండచుట్టి మూల బక్కెట్లో పడేసింది.

ఇప్పుడు అది గుర్తొచ్చి, గంట కొట్టగానే పరుగున వెళ్లి ఆ తువ్వాలు విప్పింది. మడతల్లో భూతద్దం ఉంది.

ఎవరూ లేనప్పుడు దాన్ని టీచర్ బల్ల మీద పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. అదే రోజు సెలవు అడగడానికి రిబ్కా వాళ్ల నాన్న శౌరయ్య బడికి వచ్చాడు. కూతురు తీసినదాన్ని ఆయనే తెచ్చి పెట్టాడని పిల్లలు చెప్పుకున్నారు. సాయిదుర్గ అప్పుడూ నోరు విప్పలేదు. ఆ పిల్ల బతుకుతుందో లేదో తెలియకపోయినా విప్పలేదు. అన్నం మాత్రం సహించేది కాదు.

దసరా సెలవులయ్యాక రిబ్కా వచ్చింది. బాగా చిక్కిపోయింది. గోడ పట్టుకుని నడుస్తోంది. ఆమెని చూడగానే పక్క బెంచీ వాళ్లు జామెట్రీ బాక్సులు లోపల పెట్టేసుకున్నారు. రిబ్కా అది చూసి తల దించుకుంది.

సాయిదుర్గ లేచి చివరి బెంచీ దాకా నడిచింది. అందరికీ వినపడేలా చెప్పింది.

"భూతద్దం పారేసింది నేను. తువ్వాల్లో చుట్టి పడేశాను. దొరికాక కూడా చెప్పలేదు. రిబ్కా తియ్యలేదు. వాళ్ల నాన్న తేలేదు."

క్లాసంతా తన వైపే చూస్తోంది. సాయిదుర్గ చెయ్యి బెంచీ మీద ఉంది. దాని మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. ఆ చెయ్యి దాచుకోలేదు.

రిబ్కా ఆ చేతినే చూసింది.

"జ్వరమా?" అని అడిగింది.

"కాదు," అంది సాయిదుర్గ. "భయం."