మీగడ రంగు సీటు

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై అయిదు నిమిషాలు.

భద్రాచలంలో దవాఖానా ముందు ఒక పికప్ ట్రక్ వచ్చి ఆగింది. ముందు సీట్లో బెల్టు కట్టి కూర్చోబెట్టిన వెంకటప్పయ్య అప్పటికే చనిపోయి ఉన్నాడు.

వయసు అరవై ఎనిమిది. ఇల్లు ఖమ్మం, ఖానాపురం హవేలిలో. జూలూరుపాడు దగ్గర, అడవి అంచున పామాయిల్ తోట. నాలుగేళ్ల కిందట ఆ తోటలోనే ట్రాక్టర్ తిరగబడి వెన్నుపూస విరిగింది. అప్పటినుంచి రొమ్ము కింద స్పర్శ లేదు. చేతులు ఆడతాయి. నోరు అంతకన్నా బాగా ఆడుతుంది.

"బీపీ పెరిగి పోయుంటారు డాక్టర్ గారూ," అన్నాడు కొడుకు అనిల్‌కుమార్. "పర్ణశాల నుంచి వస్తున్నాం. దారి పొడుగునా తలనొప్పి అంటూనే ఉన్నారు. సర్టిఫికెట్ ఇస్తే పొద్దుండగానే ఇంటికి తీసుకెళ్తాం."

పక్కన కోడలు సాయిప్రియ చున్నీ అంచుతో కళ్లు ఒత్తుకుంటోంది.

డ్యూటీ డాక్టర్ సాహిత్య శవాన్ని ఒక పక్కకి తిప్పించింది. పంచె తొలగించింది.

"పోలీసులకి ఫోన్ చెయ్యండి," అంది నర్సుతో.

పిరుదుల మీద, తొడల వెనక చర్మం ఉడికిపోయింది. బొబ్బలు లేచి పగిలాయి.

ఎస్సై రూప్లి రెండూ ఇరవైకి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. మాట తక్కువ. ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వింటుంది, అదే వాళ్లకి ఇబ్బంది.

"దేనివల్ల పోయాడు?"

"తలలో నరం చిట్లి ఉంటుంది. పోస్ట్‌మార్టంలో తేలుతుంది," అంది సాహిత్య. "కానీ మొదలైంది ఇక్కడ." గాయాల వైపు చూపించింది. "వెన్ను దెబ్బతిన్నవాళ్లకి కాలినా నొప్పి తెలియదు. ఒంటికి మాత్రం తెలుస్తుంది. బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. తల పగిలిపోతున్నట్టుంటుంది. కాలుతున్న చోటు నుంచి తీసేస్తే తగ్గుతుంది. తియ్యకపోతే ఇదిగో, ఇంతే."

"ఇంట్లోవాళ్లకు ఎరుకనా ఇది?"

"మొదటి రోజే చెప్తారు. తలనొప్పి అన్నాడంటే ముందు నడుము కింద చూడండి అని."

రూప్లి వంగి చూసింది. ఎర్రబారిన చర్మం మీద సన్నని చుక్కలు. వరసగా, సూదితో పొడిచినట్టు. మధ్యమధ్య కుట్టు గీతలు. సెల్‌ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకుంది.

సంగతి బయటికి తెలియగానే అనిల్‌కుమార్ డ్రైవర్ సతీష్ మీదికి ఉరికాడు. అందరి ముందూ చెంప పగలగొట్టాడు.

"వీడే మేడం! సీటు హీటర్ హై మీద పెట్టి షికారు పోయాడు! తండ్రిలాంటి మనిషిని కాల్చి చంపాడు!"

సతీష్‌కి ఇరవై నాలుగేళ్లు. జూలూరుపాడు దగ్గరి కోయగూడెం వాడు. దెబ్బ తగిలిన చెంప కూడా పట్టుకోలేదు.

"నేను ముట్టలే మేడం," అన్నాడు.

రూప్లి ట్రక్ తలుపు తెరిచింది.

పది రోజుల కిందట ఖమ్మంలో పాత సీట్లు పీకించి కొత్తవి వేయించారు. ఒక మీట నొక్కితే సీటు ముందుకి జరుగుతుంది. ఇంకోటి నొక్కితే కిందికి దిగుతుంది. ఎర్ర బటన్ వెచ్చదనానికి, నీలం బటన్ చల్లదనానికి. ఖానాపురం హవేలిలో వీధివాళ్లంతా వచ్చి ఒక్కొక్కరే కూర్చుని చూశారు. తండ్రి సుఖం కోసం ఎంత చేస్తున్నాడో అని అనిల్‌ని మెచ్చుకున్నారు. తోలు మీగడ రంగుది. రంగు ఎంచింది సాయిప్రియ.

రెండు సీట్లకీ దళసరి ప్లాస్టిక్ కవర్లు బిగించి ఉన్నాయి. రూప్లి వేలితో రాసి చూసింది. పొడిగా, శుభ్రంగా ఉంది.

"కొత్త సీటు గదా, కవర్ తియ్యలేదా?"

"మామయ్య తియ్యనివ్వలేదండీ," అంది సాయిప్రియ. "ఏడాది దాకా ముట్టుకోవద్దన్నారు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి కూడా ఇంకా కవర్ ఉంది."

ఫిర్యాదు రాసిచ్చారు. సాయంత్రం ఆరింటికి సతీష్‌ని స్టేషన్‌కి తెచ్చారు. మర్నాడు ఆరులోగా కోర్టులో హాజరుపరచాలి. పైనుంచి అప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది. డ్రైవర్ నిర్లక్ష్యం కేసు, తొందరగా ముగించమని.

"ఎక్కడున్నవ్ నువ్వు?" అంది రూప్లి.

"పర్ణశాలల బోటెక్కిన మేడం. మా చిన్నయ్య, అనిల్ సారే ఎక్కుమన్నడు. నడి గోదాట్ల నీళ్లు క్యాన్ల పట్టుకరా, ఇంట్ల పూజ ఉన్నదన్నడు."

"ఎన్నిటికి?"

"పదకొండూ ఇరవైకి ఎక్కిన. దిగేసరికి పన్నెండూ ఇరవై అయిదు."

"మీ అయ్యగారు అప్పుడెట్లున్నడు?"

"ఎక్కేటప్పుడు మంచిగనే ఉన్నడు. నన్ను తిట్టిండు గూడ. వచ్చేసరికి మొఖమంతా చెమట. తల పట్టుకొని మూలుగుతుండు. జల్దీ పోనియ్యమన్నరు. సగం దారి దాకా మూలిగిండు. తర్వాత సప్పుడు లేదు."

"వాళ్లిద్దరూ గుడికి పోయినమంటున్నరు."

"నాకు తెల్వదు మేడం. నేను నీళ్ల మీదున్న."

శనివారం పొద్దున ఏడింటికే సతీష్ తల్లి కొండమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉంది. కానిస్టేబుల్ లెమ్మంటే లేచి, అతను లోపలికి పోగానే మళ్లీ కూర్చుంది.

"నా కొడుకు జైలుకు పోతడా మేడం?"

"ఆరింటికల్లా ఏదో ఒకటి తేలుతది."

"మూడేండ్ల సంది ఆ ముసలాయన్ని ఎత్తిండు, దించిండు, కడిగిండు. నన్నెన్నడు అట్ల కడగలే. సంపేటోడైతే గిన్ని దినాలు ఆగుతడా?"

"మంచి జీతమా?"

"జీతం గాదు, భూమి. ఆ తోటల ఎనిమిదెకరాలు మా అయ్యది. నా చిన్నప్పుడు గుంజుకున్నరు. నీ కొడుకును నాకు పనికియ్యి, ఆ భూమి మీదేనని ఎమ్మార్వో ఆఫీసుల జెప్త అన్నడు ముసలాయన. సోమారం పోదామన్నడు. శుక్రారమే పాయె."

రూప్లి టీ గ్లాసు మెట్టు మీద పెట్టింది.

"సోమవారం సంగతి ఇంట్లోవాళ్లకు ఎరుకనా?"

"ఎరుక లేకేంది? కొడుకు ముంగటనే అన్నడు."

పది గంటలకు వెంకటప్పయ్య భార్య హైమకి ఫోన్ చేసింది.

"తలనొప్పి వస్తే ఏం చెయ్యాలో డాక్టర్ చెప్పారా అమ్మా?"

"మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడమ్మా," అంది హైమ. "ముందు కింద చూడమన్నాడు. దుప్పటి మడత పడినా ఆయనకి తల పోటు వచ్చేది. అబ్బాయికి చూడటం బాగా అలవాటు."

పదకొండింటికి బోటు నడిపే మనిషి వచ్చి సతీష్‌ని గుర్తుపట్టాడు. క్యాన్‌తో నీళ్లు ముంచబోయి పడబోయాడనీ, చొక్కా పట్టి లాగాననీ చెప్పాడు.

తర్వాత రూప్లి ఖమ్మంలో సీట్లు బిగించిన భవానికి ఫోన్ చేసింది. ఆవిడ భర్త పోయాక షాపు తనే నడుపుతోంది. రూప్లి అడిగినవి మూడే ప్రశ్నలు. జవాబులు కాగితం మీద రాసుకుంది.

"మీ పనిముట్లు తీసుకొని నాలుగింటికల్లా రండి," అంది.

నాలుగూ పది.

స్టేషన్ ఆవరణలో ట్రక్ నిలబెట్టి ఉంది. ఒక పక్క అనిల్‌కుమార్, సాయిప్రియ, హైమ. ఇంకో పక్క సతీష్, కొండమ్మ. మధ్యలో చేతిసంచీతో భవాని.

"ఇంకెంతసేపు మేడం?" అన్నాడు అనిల్. "ఇంటి దగ్గర చుట్టాలున్నారు. వీడిని పంపించకుండా ఈ పంచాయితీ ఏంటి?"

"అయిపోయింది. భవాని గారూ, హీటర్ హై మీద పెడితే ఎంతసేపు నడుస్తది?"

"పదిహేను నిమిషాలు. తర్వాత దానంతటదే ఆగిపోతది. మళ్లీ కావాలంటే మళ్లీ నొక్కాలె."

"అనిల్ గారూ, పోస్ట్‌మార్టం డాక్టర్ లెక్క ప్రకారం తక్కువలో తక్కువ ముప్పావు గంట కాలింది. అంటే ఒక్కసారి నొక్కితే చాలదు."

"అయితే వీడే నొక్కి ఉంటాడు, మూడు నాలుగుసార్లు!"

"బోటు మీదినుంచా?"

గేటు దగ్గర కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు.

"నిన్నటి నుంచి అందరం బటన్ గురించే మాట్లాడుతున్నం," అంది రూప్లి. "అందరం చూసి కూడ వదిలేసింది ఇంకోటుంది. కవర్. భవాని గారూ, కవర్ ఉండగ హీటర్ వెయ్యొచ్చా?"

"వెయ్యొద్దని వీళ్లకు చెప్పిన. ప్లాస్టిక్ మెత్తబడి అతుక్కుంటది, వాసనొస్తది."

"మనిషి కూసున్నంక కవర్ తియ్యనీకి, తొడగనీకి అయితదా?"

"కాదు మేడం. సీటు కిందికెల్లి ఆరు హుక్కులు. మనిషి లేవాల్సిందే."

"వెంకటప్పయ్య గారు లేవరు. లేపాలె. ఎంతమంది కావాలె సతీష్?"

"నేనొక్కణ్నయితే సీటు మీదికెల్లి వీల్‌చైర్ల దించుత. కింద పండబెట్టి మళ్లా ఎక్కియ్యాలంటే ఇద్దరుండాలె."

"విప్పండి," అంది రూప్లి భవానితో.

భవాని మోకాళ్ల మీద కూర్చుంది. ఆరు హుక్కులు ఒక్కొక్కటే ఊడాయి. కవర్ ఎత్తింది.

మీగడ రంగు తోలు. దాని నిండా గాలి ఆడడానికి సన్నని చిల్లులు. ఆ చిల్లుల మీద అరచేతి వెడల్పున పసుపు, గోధుమ కలిసిన మరక. ఎండి అంచులు కట్టింది.

రూప్లి ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. ఒంటి మీద చుక్కలు. సీటు మీద చిల్లులు. అవే వరసలు.

"ఆయన కాలింది ఉత్త తోలు మీద. బొబ్బ పగిలి కారిన నీళ్లు తోలు మీదున్నయి. కవర్ మీద చుక్క లేదు. కాలినంకనే ఎవరో ఆయన్ని దించి, సీటు తుడిచి, కవర్ తొడిగి, మళ్లీ కూసోబెట్టిన్రు. బోటు దిగంగనే బయలుదేరిన్రు కాబట్టి సతీష్‌కు ఆ టైం లేదు. పన్నెండూ ఇరవై అయిదుకు ముందు బండి దగ్గర ఎవరున్నరు?"

అనిల్ చూపు భార్య మీదికి పోయింది.

"సగం దారి దాకా మూలిగిండన్నడు సతీష్. అంటే కవర్ తొడిగేటప్పుడు ఆయనకు పాణం ఉన్నది." రూప్లి సాయిప్రియ వైపు తిరిగింది. "దవాఖానాకు గంట దారి. బతికున్న మనిషిని నేల మీద పండబెట్టి సీటుకు కవర్ తొడిగినవా అమ్మా?"

"మీగడ రంగు మేడం," అంది సాయిప్రియ. గొంతు ఇంట్లో మాట్లాడినట్టే ఉంది. "ఒకసారి పట్టిందంటే పోదు. అక్కడికీ నా చున్నీ తడిపి తుడిచాను."

"నోర్ముయ్!" అన్నాడు అనిల్.

"నువ్వు ముయ్యి! అన్నీ నేనొక్కదాన్నే చేశానా? బటన్ నొక్కిందెవరు?"

తర్వాత చెప్పడం ఆపలేదు. సతీష్ బోటెక్కగానే, చల్లగా ఉంటుంది నాన్నా అని చెప్పి ఆయన్ని దించి కవర్ తీశారు. ముసలాయన తిట్టాడు, సాయంత్రంలోగా మళ్లీ తొడగమన్నాడు. అనిల్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఎర్ర బటన్ మూడుసార్లు నొక్కాడు. రెండోసారికే ముసలాయన తల పట్టుకున్నాడు. కింద ఏదో గుచ్చుకుంటోందేమో చూడమని కొడుకుని బతిమాలాడు. అనిల్ వంగి, చూసినట్టు చూసి, ఏమీ లేదు నాన్నా అన్నాడు. నుదురు నొక్కమని ముసలాయన కోడల్ని అడిగాడు.

"నొక్కావా?" అంది రూప్లి.

"నొక్కాను. చివరిదాకా నేనే నొక్కాను."

"ఎందుకు చేసినట్టు ఇదంతా?"

అనిల్ తల ఎత్తాడు. "ఎనిమిదెకరాలు మేడం. చెట్లు నేను పెట్టాను. నీళ్లు నేను తెచ్చాను. సోమవారం పోయి వీళ్లకి ఇచ్చేస్తానన్నాడు. రోజూ అన్నం తింటూ అదే మాట."

అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న హైమ లేచింది. కొడుకు దగ్గరకి వచ్చి ముఖంలోకి చూసింది.

"ఇచ్చేవాడనుకున్నావురా?"

"అమ్మా..."

"నలభై ఆరేళ్లు కాపరం చేశాను. ఆయన సొమ్ము ఆయన ఎవరికీ ఇవ్వడు. నీకు వినపడాలని అనేవాడు. నువ్వు భయపడి కాళ్లు ఒత్తుతుంటే, ఆ కాళ్లకి తెలియకపోయినా, చూసి సంతోషపడేవాడు. ఆ కుర్రాడు మానేసి పోకుండా వాడికీ అదే చెప్పాడు. సోమవారం వస్తే ఇంకో సోమవారం అనేవాడు."

సతీష్ ఆ మాట విన్నాడు. రెండు చేతులూ ముందుకి చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

అయిదూ ఇరవైకి అనిల్‌కుమార్‌ని, సాయిప్రియని లోపలికి తీసుకెళ్లారు. రూప్లి సతీష్ చేత విడుదల కాగితం మీద సంతకం పెట్టించుకుంది.

"ఇంక మీరు పోవచ్చు," అంది.

కొండమ్మ కదల్లేదు.

"ఇంకో కాయితం తియ్యి మేడం."

"ఎందుకమ్మా?"

"ఆయన ఇచ్చేటోడో కాదో ఆమెకు ఎరుకేమో. ఇస్తనని మాత్రం నాకు జెప్పిండు. ఆ మాట మీదనే నా కొడుకు మోసిండు. గది రాయి."

"ఇది హత్య కేసు. భూమి కేసు నా చేతిలది కాదు."

"నీ చేతిల పెన్నున్నది గదా."

సతీష్ తల్లి భుజం పట్టుకున్నాడు. "పోదాం పా అమ్మా. లాభం లేదు." ఆమె ఆ చెయ్యి విదిలించేసింది.

రూప్లి వాచీ చూసుకుంది. డెస్కు సొరుగు లాగి తెల్ల కాగితం తీసింది. పైన తేదీ వేసింది.

"ఏ దినం సంది పనికి పోయిండు?"

కొండమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.