పసుపు గళ్ళ గుడ్డ

"ఆ గుడ్డ ఏమిటయ్యా?" అన్నాడు చీఫ్.

బల్ల మీద బ్యాక్‌ప్యాక్ ఉంది. దాని పిడికి పసుపు గళ్ళ గుడ్డముక్క ఒకటి గట్టిగా ముడేసి ఉంది. కొంగ గొంతు సవరించుకున్నాడు. కొంగ అనేది అతని కోడ్ నేమ్. ఎంతసేపైనా కదలకుండా కాపు కాయగలడని డిపార్ట్‌మెంట్ వాళ్ళు మెచ్చుకుని పెట్టిన పేరు.

"మా అక్క కట్టింది సార్. ప్రయాణంలో సంచులు మారిపోకుండా."

"సీక్రెట్ ఏజెంట్ సంచి అక్కగారు సర్దుతుందా?"

"వద్దంటే వినదు సార్."

వినకపోవడం నిజమే. అమ్మ పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది అక్కే. ఆసుపత్రిలో నర్సుగా రాత్రీ పగలూ డ్యూటీలు చేసి, ఈమధ్యే రిటైరైంది. తమ్ముడు పంపుసెట్ల కంపెనీలో ఇన్‌స్పెక్టరని ఆవిడ నమ్మకం. ప్రయాణమంటే ఆవిడకి రెండే రెండు నియమాలు. ఒకటి, సంచికి గుడ్డ కట్టాలి. వంటింటి కర్టెన్ చిరిగినప్పటి నుంచి గుడ్డకి కొదవ లేదు. రెండు, వాడని వస్తువులోంచి సెల్స్ తీసేయాలి, లేకపోతే కారి వస్తువు పాడవుతుంది. ఆ ఇంట్లో టీవీ రిమోట్ ఎప్పుడూ కడుపు ఖాళీగానే ఉంటుంది. శత్రువుల సీక్రెట్ కోడ్‌లు విప్పిన మొనగాడు, ఇంట్లో వార్తలు చూడాలంటే ముందు సెల్స్ కోసం సొరుగులన్నీ వెతుక్కోవాలి.

"విప్పకు. అదే గుర్తుగా పెట్టుకుందాం," అని చీఫ్ తలుపు గడియ వేశాడు. "విను. ఒక విదేశీ ముఠా మనిషి మనకి దొరికాడు. బ్యాక్‌ప్యాకర్ వేషంలో టూరిస్టు బోటు ఎక్కాల్సినవాడు. కాలవలూ సరస్సూ దాటి అభయారణ్యం దాకా వెళ్ళే బోటు. అందులో వాళ్ళ కొరియర్ ఎవరో వీడికి ఒక రిమోట్ అందించాలి. పలకరింపులుండవు. గుర్తు చూస్తారు, సంచిలో వేస్తారు, అంతే. గుర్తేమిటో వీడే ముందుగా కబురు పెట్టాలి. వీడి పేరుతో మనం పెడతాం, పసుపు గళ్ళ గుడ్డ అని. వీడు దొరికిన సంగతి ఇంకా బయటికి పొక్కలేదు."

"రిమోట్ దేనికి సార్?"

"ఏనుగుకి."

కొంగ నవ్వబోయి చీఫ్ మొహం చూసి ఆగిపోయాడు.

"అక్కడి ఏనుగులకి రేడియో కాలర్లు ఉంటాయి, ఎక్కడ తిరుగుతున్నాయో తెలియడానికి. వాటిలో ఒకదానికి ముఠా తన కాలర్ తగిలించింది. ఏ ఏనుగో మనకి తెలియదు. నేవీ రేడియో స్టేషన్ కంచె పక్క నుంచి అది నీళ్ళకి పోతుంది. నెలల తరబడి మన సిగ్నల్స్ అన్నీ మెడలో మోసుకు తిరుగుతోంది. అది చెరువుకి వచ్చినప్పుడు వాచ్ టవర్ మీంచి ఆ రిమోట్ నొక్కితే చాలు, రికార్డింగ్ మొత్తం వాళ్ళ శాటిలైట్‌కి పోతుంది. ఆ తర్వాత మన ఓడలు ఎక్కడున్నాయో మనకన్నా ముందు వాళ్ళకే తెలుస్తుంది. రిమోట్ నీ చేతికి రావాలి. కొరియర్ కూడా."

"బోటులో సాయం?"

"వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఒకామె ఉంటుంది. ముఠా కబుర్లు మనకి చేరవేసేది ఆమే. మొసళ్ళ గురించి అడుగు, గుర్తుపడుతుంది. గుడ్డ సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు. చెప్పకు."

ఆ సాయంత్రం ఇంట్లో అక్క అతనికి అన్నం పెడుతూ అంది. "ఒరే చిన్నోడా, మా నర్సులందరం టూర్ వెళ్తున్నాం రా. నీకూ ఒక సీటు ఉంచమన్నాను. ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు కదా మనం కలిసి."

"సెలవు లేదక్కా. వేరే ఊళ్ళో ఆఫీసు పని."

"పోనీలే," అంది అక్క. ఆవిడ ఎక్కడికి వెళ్తోందో కూడా అతను అడగలేదు. సముద్రంలో ఓడల గురించి ఆలోచిస్తున్నాడు.

బోటు బయలుదేరే వేళకి కొంగ పూర్తి వేషంలో ఉన్నాడు. అతికించిన గడ్డం, వెలిసిన టోపీ, వెనక వచ్చేవాళ్ళని చూపించే చలువ కళ్ళజోడు. ఆ కళ్ళజోడు తయారుచేసినవాళ్ళు కాలవ మీది ఉక్కని లెక్కలోకి తీసుకోలేదు. ఎక్కిన కాసేపటికే అద్దాలు ఆవిరి పట్టేశాయి. గడ్డం కింద దురద. అయినా కొంగ తొణకలేదు. బోటు ముందుభాగంలో పొడుగాటి లెన్స్ తుడుచుకుంటున్న ఫొటోగ్రాఫర్ పక్కన నిలబడ్డాడు. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె.

"ఈ నీళ్ళలో మొసళ్ళున్నాయా?"

"ఉన్నాయి. కానీ టూరిస్టుల్ని తిని తిని విసుగెత్తిపోయాయి," అంది ఆమె, ముందుగా అనుకున్న మాట ప్రకారం. ఆమె చూపు అతని భుజం మీది సంచి దగ్గర ఒక్క క్షణం ఆగింది. అందమైన కళ్ళు తనవైపు తిరిగాయని అతను మురిసిపోయాడు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి వినిపించింది.

"ఒరే చిన్నోడా! నువ్వేంట్రా ఇక్కడ?"

బోటు నిండా నర్సులు. వాళ్ళ మధ్యలోంచి లేచి, మొహమంతా నవ్వుతో అక్క అతనివైపే వస్తోంది. గడ్డం ఆవిడకి అడ్డమే కాలేదు. చిన్నప్పుడు తలంటి తుడిచిన మొహం అది.

కొరియర్ ఈ బోటులోనే ఎక్కడో ఉన్నాడు. వేషం చెడితే మిషన్ గంగలో కలుస్తుంది.

"ఎవరండీ మీరు? నాకు తెలియదే," అన్నాడు.

నర్సులందరూ చూస్తున్నారు. అక్క ఆగిపోయింది. మొహంలో నవ్వు వెంటనే పోలేదు, ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండిపోయింది. "క్షమించండి బాబూ. మా తమ్ముడు అనుకున్నాను," అంది. ఆ 'అండి' అతని చెంప మీద కొట్టినట్టు తగిలింది. తనని జీవితంలో ఎప్పుడూ 'మీరు' అని పిలవని నోరు అది.

"ఎవరావిడ?" అంది ఫొటోగ్రాఫర్ మెల్లగా.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ కంగారులో ఉన్న మనిషికి ఒక అబద్ధంతో సరిపోదు. "ఎవరో పాపం. మతి సరిగా లేనట్టుంది," అన్నాడు.

అక్క ఇంకా దూరం వెళ్ళలేదు. ఆవిడ భుజాలు కొంచెం బిగుసుకోవడం అతనికి కనిపించింది.

ఆ తర్వాత కాలవ సరస్సులో కలిసింది. నీటికోళ్ళు లేచాయి, నర్సులు చప్పట్లు కొట్టారు. కొంగ బోటులో ఉన్న ప్రతివాణ్ణీ పరీక్షగా చూశాడు. డ్రైవరుని చూశాడు, గైడుని చూశాడు, తాడు చుడుతున్న పనివాణ్ణి చూశాడు. అక్క కూర్చున్న మూల వైపు మాత్రం ఒక్కసారి కూడా తల తిప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. రిమోట్ తెచ్చి అతని సంచిలో ఎవ్వరూ వెయ్యలేదు.

బోటు అభయారణ్యం రేవుకి చేరింది. గైడు అందరినీ చెట్ల మధ్య బాట వెంట వాచ్ టవర్ వైపు నడిపించాడు. అక్క స్నేహితురాళ్ళ కోసం ఆగకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నడుస్తోంది. ఇప్పుడిక ఆవిడ మొహం కనబడే భయం లేదు కనక కొంగ ధైర్యం చేసి చూశాడు.

ఆవిడ వీపు మీద సంచి ఉంది. సంచి పిడికి పసుపు గళ్ళ గుడ్డ.

ఒకే కర్టెన్. ఇంట్లో ఉన్న ప్రతి సంచికీ అదే గుడ్డ! ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండదనుకుని గుర్తుగా పెట్టిన గుడ్డ, అక్క వీపు మీద ఊగుతోంది. కొరియర్ సరుకు ఎవరి సంచిలో వేశాడో అడగక్కర్లేదు. ఆ మూలకి ఒక్కసారి తల తిప్పి ఉంటే ఇదంతా బోటులోనే తెలిసేది.

అక్క వెనకాలే, ఆవిడ నీడ తొక్కుతున్నంత దగ్గరగా ఫొటోగ్రాఫర్ నడుస్తోంది. ఇద్దరూ మెట్లెక్కి టవర్ మీద మాయమయ్యారు.

కొంగ పరుగెత్తాడు. దారిలో ఒక కొమ్మ తగిలి సగం గడ్డం ఊడి వేలాడింది. పైకి చేరేసరికి సంచి నేల మీద తెరిచి ఉంది, రిమోట్ ఫొటోగ్రాఫర్ చేతిలో ఉంది. రెండో చేతిలో కెమెరా స్టాండు. దాని ఒక కాలు చివర తుపాకీ గొట్టంలా తెరుచుకుని అక్క గుండెకేసి చూస్తోంది.

"అక్కడే ఆగు," అంది ఫొటోగ్రాఫర్. "బోటులో సంచులు పేర్చినప్పుడే గుడ్డ చూసి ఈవిడ సంచిలో వేసేశాను. తర్వాత నువ్వెక్కావు, అదే గుడ్డతో. మావాడు మీకు దొరికిపోయాడని అప్పుడే తెలిసింది. ఈవిడేమో దారంతా సంచి ఒళ్ళోంచి దించలేదు."

కింద చెరువులోకి ఒక పెద్ద ఏనుగు దిగుతోంది. మెడలో నల్లటి కాలర్.

"ఒక్క అడుగు వేశావంటే కాలుస్తాను. అయినా నీకేం? నీకు తెలియని మనిషే కదా," అని నవ్వింది.

కొంగ అక్క మొహంలోకి చూశాడు. ఆ అబద్ధం ఆడినప్పటి నుంచీ చూడని మొహం. ఏడ్చినట్టుంది.

"మా అక్క," అన్నాడు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఆమె మా అక్క. నన్ను కాల్చు."

"పాపం, ఆలస్యమైంది," అని ఫొటోగ్రాఫర్ చెయ్యి చాచి రిమోట్ నొక్కింది.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. రిమోట్ మీద దీపం వెలగలేదు. మూడోసారి బొటనవేలు తెల్లబడేలా నొక్కింది. కింద ఏనుగు తొండంతో నీళ్ళు పట్టి తీరిగ్గా వీపు మీద పోసుకుంటోంది.

"అందులో సెల్స్ లేవమ్మా," అంది అక్క. "ఎవరిదో పొరపాటున నా సంచిలో పడిందనుకున్నాను. గైడుకి ఇద్దామని... ఈలోగా కారిపోతాయని తీసి దాచాను."

ఫొటోగ్రాఫర్ ఆ మాట అర్థం చేసుకోవడానికి అక్కవైపు తిరిగిన ఆ రెప్పపాటులో కొంగ మీద పడ్డాడు. గుండు పైకప్పు రేకులోంచి దూసుకుపోయింది. కెమెరా స్టాండు కింద పడింది, ఫొటోగ్రాఫర్ చేతులకి సంకెళ్ళు పడ్డాయి. ఏనుగు మాత్రం చప్పుడు నచ్చనట్టు ఒకసారి తల విసిరి చెరువు దాటి వెళ్ళిపోయింది.

"అక్కా, తప్పయిపోయింది," అన్నాడు అతను నేల మీదే కూర్చుని. "తెలియదన్నాను. పైగా మతి లేదన్నాను. ఏ మొహం పెట్టుకుని..."

మెట్ల మీద నర్సుల అడుగులు వినిపిస్తున్నాయి. అక్క వంగి, వేలాడుతున్న గడ్డాన్ని పైకి లేపి, పుండుకి కట్టు కట్టినంత జాగ్రత్తగా అతని చెంపకి అద్ది, అంటుకునేదాకా అరచేత్తో నొక్కి పట్టుకుంది.

స్పీడ్ బోటులో చీఫ్ వచ్చి దిగేసరికి అందరూ రేవు దగ్గర గుంపుగా ఉన్నారు. ఆయన రెండు సంచుల్నీ, రెండు గుడ్డల్నీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, ఇతను మీకు తెలుసా?"

"తెలియదండీ," అంది అక్క తడుముకోకుండా. "ఎవరో బాబు, సాయం చేశాడు. మా తమ్ముడైతే ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. పాపం, సెలవు దొరకలేదు."

కొంగ తల దించుకున్నాడు. చీఫ్ కూడా ఎందుకో బూట్ల వైపు చూసుకున్నాడు.

"మీ తమ్ముడు అదృష్టవంతుడమ్మా."

"ఆ సంగతి వాడికి తెలియాలి కదండీ," అని ఆవిడ సెల్స్ రెండూ తీసి చీఫ్ చేతిలో పెట్టింది. తర్వాత కొంగ సంచికి వదులైన గుడ్డని గట్టిగా లాగి ముడేసింది. "జాగ్రత్త బాబూ, సంచులు మారిపోతాయి," అని చెప్పి బోటెక్కి తన స్నేహితురాళ్ళ మధ్య కూర్చుంది.

గుట్టు దాచడంలో డిపార్ట్‌మెంట్ మొత్తానికీ తనే మొదటివాడని కొంగకి ఇన్నాళ్ళూ గట్టి నమ్మకం. తిరుగు ప్రయాణంలో, అక్క తర్వాత తనకి మిగిలిన రెండో స్థానాన్ని, గడ్డం దురదతో సహా, నోరు మెదపకుండా ఒప్పుకున్నాడు.