గోల్‌కీపర్ గారెట్ నిజాయితీ

"చూడు గారెట్, నా మీద ఇష్టంతో ఇవాళ ఒక్క గోల్ వదిలేశావంటే జన్మలో నీ మొహం చూడను!" అంది టానిస్, హాకీ కర్రతో అతని గుండె మీద పొడుస్తూ.

ఆదివారం మధ్యాహ్నం. మంచు మీద హాకీ ఆడే రింక్ గుమ్మం దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఫైనల్‌లో ఇద్దరివీ ఎదురెదురు జట్లు. వారం రోజులుగా కూడగట్టుకున్న ధైర్యంతో, "ఆటయ్యాక నాతో భోజనానికొస్తావా?" అని గారెట్ అప్పుడే అడిగాడు. దానికి వచ్చిన జవాబిది.

"వదిలేస్తానని ఎవరన్నారు?"

"ఇదివరకొకడు వదిలేశాడు. పైగా 'పాపం, ఆడపిల్ల కదా' అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను."

"నేనలాంటివాణ్ణి కాదు. ప్రాణం పెట్టి ఆడతా!"

"ఆడు. నిజంగా ఆడితే వస్తా."

గారెట్ స్కూలు బస్సు నడుపుతాడు. ఆదివారాలు గోఫర్స్ జట్టుకి గోల్‌కీపర్. ఎందుకంటే ఊళ్ళో సొంత ప్యాడ్లున్నవాడు అతనొక్కడే. వాళ్ళు ఫైనల్‌కి రావడం కూడా, సెమీస్ రోజు అవతలి జట్టు వ్యాన్ మంచులో దిగబడిపోవడం వల్లే. ఈ ఏడే పక్క ఊరి జట్టులో చేరిన టానిస్‌కి ఈ ఘనచరిత్ర తెలియదు.

చివరి నిమిషం. స్కోరు నాలుగు, నాలుగు. టానిస్ ఒంటరిగా దూసుకొచ్చింది. గారెట్ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నిలబడ్డాడు. ఆమె కొట్టింది. అతను ఎడమ పక్కకి అద్భుతంగా దూకాడు. పక్, అదే ఆ రబ్బరు బిళ్ళ, మాత్రం నింపాదిగా అతని కాళ్ళ మధ్య నుంచి లోపలికి వెళ్ళిపోయింది.

గెలిచినా టానిస్ మొహంలో నవ్వు లేదు. ఆటయ్యాక రెండు జట్లూ వరసల్లో నిలబడి చేతులు కలుపుకుంటున్నాయి. గారెట్ దగ్గరికి రాగానే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అబద్ధాలకోరు! అంత మెల్లగా వచ్చినదాన్ని మా అమ్మమ్మ కూడా ఆపేది!"

"ఒట్టు టానిస్, నిజంగానే ఆడాను!"

వెనక నుంచి గోఫర్స్ కెప్టెన్ డ్వేన్ తల దూర్చాడు. "అమ్మాయ్, వీడి తప్పేం లేదు. కాళ్ళ మధ్యకొచ్చినదాన్ని వీడు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఆపలేదు."

"ఒరేయ్, నువ్వూరుకో!" అన్నాడు గారెట్.

"పోయిన నెల మన రిఫరీ కాలికి తగిలొచ్చింది కూడా పోనిచ్చావు కదరా!" అన్నాడు ఇంకొకడు.

ఫ్రైస్ అమ్మే కిటికీలోంచి గారెట్ తల్లి గరిటె ఊపుతూ కేకేసింది. "నేను వాళ్ళమ్మని, నా మాట నమ్మమ్మా! వాడు కావాలని ఎవరికీ గోల్ ఇవ్వలేదు. అన్నీ చేతకాకే!"

రింకంతా గొల్లుమంది. గారెట్ చెవులు ఎర్రబడ్డాయి.

"నిజంగా ఇంత ఘోరంగా ఆడతావా?" అంది టానిస్ నెమ్మదిగా.

"ఇవాళ కాస్త బాగా ఆడాను" అన్నాడతను దిగులుగా.

టానిస్‌కి నవ్వాగలేదు. నవ్వుతూనే గ్లవ్ తీసేసి అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వంటే నాకిష్టం, మొద్దూ. పద, ఆకలేస్తోంది."

చెయ్యి మాత్రం వదల్లేదు. వెనకున్న వరస మొత్తం ఆగిపోయింది.